అన్నను దాటని పరుగు

దగ్గరికి రాండ్రి, ఇంకొంచెం జరుగుండ్రి. చాప మీద జాగ ఉన్నది, కాళ్ళు సాపుకొని మంచిగ కూసోండ్రి. చాయ్ తాగేటోళ్ళు తాగుకుంటనే ఉండుండ్రి, చెవులు మాత్రం నా దిక్కు పెట్టుండ్రి. మీరంత ఇయ్యాల రేపు కొత్తగ నౌకర్లల్ల చేరేటోళ్ళు. మీ పక్కన మీకంటే పెద్దోడొకడుంటడు. పని చెయ్యి పట్టి నేర్పుతడు, సొంత తమ్ముని లెక్క చూస్తడు. ఒక దినం మీరు ఆయన్ని దాటిపొయ్యే ఘడియ వస్తది. ఆ ఘడియ కోసమే ఈ ముచ్చట. నేను గెలిచిన ముచ్చట గాదిది, సిగ్గుపడ్డ ముచ్చట. చెప్పుకుంటే సిగ్గు పోతదని చెప్తలేను. పొయ్యేదే ఉంటే ఎప్పుడో పోతుండె.

నేను బీదర్ల పోలీసు జవాన్‌గ చేరినప్పుడు మన రాజ్యానికి ఇంక మైసూర్ అనే పేరే ఉండె. మా ఊరు మన్నాఏఖేళ్ళి అవుతల. మా నాయిన గొర్లు కాసేటోడు. నాల్గో తరగతి దాక బడికి పోయిన, తర్వాత గొర్ల ఎంబడి పోయిన. మందల ఒక గొర్రె తప్పితే కంపలు, గట్లు, వాగులు దుంకి మలుపుకొచ్చేటోణ్ణి. ఆ దుంకుడే నాకు సర్కారు నౌకరి ఇప్పిచ్చింది. భర్తీ దినం అందరికంటె ముంగట ఉరికొస్తే, కొలతలు తీసే సాబు నన్ను కిందికీ మీదికీ చూసి, "ఛాతి తక్కువున్నది గని కాళ్ళున్నయ్, తీస్కో" అన్నడు.

పోలీసు లైన్ల మా పైన ఒక దఫేదార్ ఉండె. దఫేదార్ అంటే హెడ్ కానిస్టేబుల్. పేరు చెప్ప, అన్న అనే అంట, ఎందుకంటె నేను పిలిచింది గదే. నల్లగ, పొడుగ్గ, ఎండిన సర్వి కట్టె తీర్గ ఉండేటోడు. ఆయన స్టీపుల్‌చేజ్ ఉరికేటోడు. ఆ మాట బీదర్ల ఎవరికీ నోరు తిరగకపోవు, అడ్డాల పరుగు అనేటోళ్ళు. మూడు వేల మీటర్లు ఉరకాలె. నడుమ నడుమ నడుమెత్తు కట్టె అడ్డాలుంటయ్, దుంకాలె. ప్రతి చుట్టుకు ఒక అడ్డం ఎనక నీళ్ళ గుంత ఉంటది. ఆ అడ్డం మీద కాలు మోపి, గుంత చివరికి పడేటట్టు ఎగరాలె. దమ్ము పోయినంక కూడ ఎగరాలె, గదే ఆ పరుగుల మర్మం.

అన్న పేరు గప్పట్ల బీదరంత మోగేది. బెంగుళూరుల రాష్ట్రం పోలీసుల పోటీల గెలిచొచ్చిండు. కన్నడ పేపర్ల ఫొటో పడ్డది. చౌబారా బురుజు కాడి చాయ్ హోటల్ చాచా ఆ కాయితం కత్తిరించి, అద్దం కట్టిచ్చి, గల్లా మీద పెట్టిండు. పిలగాండ్లు అన్నను చూస్తే "ఛలాంగ్ సాబ్! ఛలాంగ్ సాబ్!" అనుకుంట ఎంబడి పడేటోళ్ళు. ఛలాంగ్ అంటే ఎగిరి దుంకుడు. ఒక పెండ్లిల బాజాలకు బెదిరి పెండ్లికొడుకు గుర్రం తాడు తెంపుకొని ఉరికింది. జనం గుర్రం దిక్కు చూడలే, బందోబస్తుకొచ్చిన అన్న దిక్కు చూసిన్రు! "ఏంది నా మొఖం చూస్తరు? నాకు నాలుగు కాళ్ళున్నయా?" అని నవ్విండు. నవ్వుకుంటనే ఉరికి, రెండు గల్లీలు తిరిగి, గుర్రాన్ని పట్టుకొచ్చిండు. పెండ్లికొడుకు పాపం గుర్రం మీదనే ఉండె, పాగ మాత్రం ఎక్కడ్నో పడిపోయింది.

నన్ను చూసిన మొదటి వారంలనే అన్న పసిగట్టిండు. "తమ్మీ, గొర్లు కాసినవా?"

"అవునన్నా. ఎట్ల తెల్సె?"

"దుంకేటప్పుడు కింద చూస్తున్నవ్, గొర్రె కోసం. అడ్డాన్ని చూడకురా. అడ్డం అవుతలి నేలను చూడు."

ఆ పొద్దు మొదలు ప్రతి తెల్లారు నన్ను లేపి నౌబాద్ తొవ్వకు తోల్కపోయేటోడు. గప్పుడక్కడ చేన్లు తప్ప ఏం లేకుండె. ఉరికొచ్చినంక వాళ్ళింట్లనే నాకు తిండి. వదిన మిషన్ దవాఖానల ఆయా. వాళ్ళది ముత్తాతల కాలం నుంచి క్రైస్తవుల కుటుంబం, ఇంట్ల తెలుగే. వదిన జొన్నరొట్టె చేస్తే చేతుల చప్పుడు వాకిట్లకు ఇనబడేది. మొదటి రొట్టె నాకు, రెండోది అన్నకు. "ఇంటాయనకు ముందు పెట్టవా?" అని అన్న అడిగితే, "ఎదిగేటోనికి ముందు, ఎదిగినోనికి తర్వాత" అనేది వదిన. అన్న ఉల్లిగడ్డ కొరుక్కుంట, "చూసినవా తమ్మీ, నౌకరిల సీనియారిటీ ఉన్నది గని ఇంట్ల లేదు" అనేటోడు.

మూడు నాలుగేండ్లు గట్ల నడిచినయ్. అన్నకు ముప్పై అయిదు దాటినయ్. ఒక పొద్దు నౌబాద్ తొవ్వ మీద ఉరుకుతుంటె నాకొకటి తెలిసొచ్చింది. నేను ఊరికెనే పోతున్న, అన్న కష్టపడుతుండు. ఆయన ఊపిరి నాకు ఇనబడుతున్నది, నాది నాకే ఇనబడ్తలేదు. ఆ పొద్దటి నుంచి నేను సగం అడుగు ఎనకకుండుడు మొదలుపెట్టిన.

"ఏందిరా, ఎనక్కి గుంజుతున్నవ్?"

"నువ్వు ముంగట గాలి కోస్తుంటె నాకు అల్కగ ఉన్నదన్నా."

మొదటి అబద్ధం గదే. ఎంత సులువుగ వచ్చిందో నోట్లకెళ్ళి!

ఆ ఏడు జిల్లా పోలీసు ఆటలు పరేడ్ మైదానంల పెట్టిన్రు. అడ్డాల పరుగుల మొదటి ఇద్దరు బెంగుళూరు పోతరు. అంటె రెండో నంబరొచ్చినా నాకు పొయ్యేదేం లేదు. అన్నకు మాత్రం సొంతూరి జనం ముంగట పరువు. నా లెక్క గది.

బీదర్ ఎర్రరాతిల నీళ్ళు నిలువయ్. గుంతల పొద్దున పోస్తే పగటీలికి తాగేస్తది. అందుకని పరుగు మొదలయ్యే ముంగట ట్యాంకర్ తెచ్చి నింపిన్రు. నీళ్ళు ఎర్రగ, బెల్లం పానకం తీర్గ ఉండె. షామియానా కింద ఎస్పీ సాబ్, సాబుల ఇంటోళ్ళు. తాడు ఇవుతల ఊరు ఊరంత. వదిన దవాఖాన ఆయాలందర్ని ఎంటబెట్టుకొచ్చింది. హోటల్ చాచా ఆ పొద్దు పొయ్యి ఆర్పిండంటె చూడుండ్రి.

తుపాకి పేలింది. సగం దూరం పొయ్యేవరకు అన్న, నేను, ఇద్దరమే మిగిలినం. మిగిలినోళ్ళు చానా ఎనక. చివరి చుట్టు కొచ్చేవరకు అన్న ఊపిరి కొలిమి తిత్తి తీర్గ ఇనబడుతున్నది. చివరి నీళ్ళ గుంత కాడ ఆయన నీళ్ళ నడుమ పడి ఎర్రనీళ్ళు మోకాళ్ళ దాక చిందినయ్. నేను నీళ్ళు దాటి పొడి నేల మీద పడ్డ. పడుడు పడుడే ఆయన భుజం పక్కకు వచ్చిన. గప్పుడు అన్న తల మలిపి నా దిక్కు చూసిండు.

ఆ చూపే ఈ ముచ్చటంత. చెమట కారుతున్న మొఖం, నోరు తెరిచి ఉన్నది, కండ్లు నా మీదనే. "నన్ను దాటకురా, ఊరంత చూస్తున్నది" అంటుండనుకున్న. గట్లనే చదువుకున్న నేను. కాళ్ళకు పగ్గం ఏసిన. అన్న ముంగట, నేను ఎనక, గెలుపు గీత కాడి తాడు ఆయన ఛాతి మీద తెగింది.

జనం తాడు తెంపుకొని లోపలికొచ్చిన్రు. అన్నను భుజాల మీదికి ఎత్తుకున్నరు. "బుడ్డా శేర్!" అని చాచా గొంతు చించుకున్నడు, అంటె ముసలి పులి అని. ఎస్పీ సాబ్ కుర్చిల నుంచి లేసి, "షాబాష్ దఫేదార్! ఇంక నీల దమ్మున్నది" అన్నడు. నేను పక్కకు నిలబడి గసకుంట చూసిన. లోపట నాకేమనిపించిందో చెప్తే మీరు ఉమ్ముతరు. ఈ పెద్దమనిషి పరువు ఇయ్యాల నా కాళ్ళల్ల ఉండె, నేను కాపాడిన అనిపించింది. అన్నకంటె నేనే పెద్దోణ్ణైన అని మురిసిన. ప్రేమ అనుకున్న దాంట్ల సగం గీ మురిపెమే.

ఆ ఆదివారం వదిన నన్ను కూడ చర్చికి రమ్మన్నది. వాళ్ళ దాంట్ల ఒక పద్ధతి ఉన్నది. ఇంట్ల మేలు జరిగితే అందరి ముంగట నిలబడి సాక్ష్యం చెప్తరు, దేవుడు నాకు గీ మేలు చేసిండు అని. పాస్టరయ్య పిలిస్తే అన్న ఇస్త్రీ అంగి ఏసుకొని ముంగటికి పోయిండు. అరవైమందికి హుకుం చెప్పే మనిషి ఆ పొద్దు మెల్లగ మొదలుపెట్టిండు. "ఈ ఏడు నా పని అయిపోయింది అనుకున్న. కాళ్ళు పోయినయ్ అనుకున్న. కని దేవుడు నాకు ఇంకొక గెలుపు ఇచ్చిండు. ఇది నాది గాదు, ఆయనది" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. వదిన కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. నేను ఎనక బెంచి మీద కూసోని నేల చూసిన. ఇది నాది గాదు అని ఆయనంటె, అవును నీది గాదు అని లోపట నేననుకున్న. లేసి బయటికి పోదామంటె పక్కన ముసలవ్వ కూసున్నది, ఆమెను జరుగమనెటందుకు కూడ ధైర్యం చాలలే.

ఆ పొద్దే చెప్తే అయిపోతుండె. చెప్పలే. బెంగుళూరు పోయినం.

అక్కడి మైదానం చూస్తే మాది గొర్ల దొడ్డి అనిపించింది. కొన్ని వేలమంది జనం, ఒక్క మొఖం ఎర్కలేదు. సరిగ్గ గదే నన్ను చెడగొట్టింది. ఇక్కడ ఊరోళ్ళు లేరు, వదిన లేదు, చాచా లేడు. ఇక్కడ అన్నను దాటితే ఎవరు చూస్తరు? ఇజ్జత్ అంటె మనోళ్ళ కండ్లల్ల ఉండేదే గదా అనుకున్న. ఒక్క కండ్ల జోడు మర్చిపోయిన, అన్నవి.

మూడో చుట్టుల నేను అన్నను దాటిన. పగ్గం లేకుంట, ఉన్నకాడికి తీసిన. దాటేటప్పుడు ఆయన నా కాళ్ళు చూసిండు. మొఖం గాదు, కాళ్ళు. నాలుగేండ్లు నేర్పిన మనిషి, నా అడుగు ఎంత పడుతదో ఆయనకు తెల్వదా? బీదర్ల ఎనక ఎట్ల ఉరికిన్నో, ఇక్కడ ముంగట ఎట్ల పోతున్ననో, రెండూ పక్కపక్కన పెట్టి చూసిండు. నన్ను అందుకోవాలని ఉరికిండు. తన దమ్ముకు మించి ఉరికిండు. ఆ తర్వాతి గుంత కాడ అడ్డం మీద కాలు జారి నీళ్ళల్ల బోర్ల పడ్డడు. జనం గొల్లున నవ్విన్రు. నాకు ఎనక నుంచి ఆ నవ్వు ఇనబడ్డది గని ఎందుకో తెల్వలే. నేను మూడో నంబరొచ్చిన. ఎనక్కి తిరిగి చూస్తె అందరు చేరిపోయిన్రు, అన్న ఒక్కడే నీళ్ళు కారుకుంట, కుంటుకుంట, ఒక్కో అడ్డం పట్టుకొని ఎక్కి దిగుతుండు. మధ్యల ఇడిచిపెట్టలే. మొత్తం ఉరికిండు.

గుల్బర్గా దాక రైలు. కిటికి కాడ అన్న, ఎదురుంగ నేను. రైలు బెంగుళూరు దాటింది. తర్వాత ఆయనే అడిగిండు.

"బీదర్ల నా ఎనక ఆగినవ్ గదా?"

"అన్నా, అది..."

"ఆగినవా లేదా?"

"ఆగిన."

"ఎందుకు?"

"నువ్వు నా దిక్కు చూసినవన్నా. దాటకురా అన్నట్టు."

అన్న నవ్విండు. ఆ నవ్వు మీకు చూపెట్టలేను. "రారా అన్న నేను. రా, దాటిపో అని చూసిన. ఆటలకు ముందు మీ వదినకు చెప్పిన, ఈసారి పిలగాడు నన్ను దాటుతడు, ఎస్పీ సాబ్ ముంగటనే వాని చెయ్యి పట్టి పైకి లేపుత, ఇగ ఉరుకుడు బంద్ చేస్త అని. నా ఊరిల, నా జనం ముంగట, నా శిష్యుని చేతుల ఓడిపోదామనుకున్న. మంచి ఓటమి ఒకటి తయారుచేసి పెట్టుకున్న. దాన్ని నువ్వు గుంజుకున్నవ్. గీడికి తెచ్చి తెల్వనోళ్ళ నడుమ నీళ్ళల్ల పడేసినవ్."

నేను ఆయన కాళ్ళు పట్టుకోబోయిన. కాళ్ళు ఎనక్కి తీసుకున్నడు.

"నాది కూడ తప్పున్నదిరా. అనుమానం రాలేదంటె అబద్ధం. వచ్చింది. జనం భుజాల మీదికి ఎత్తుకున్నంక దిగబుద్ధి గాలే. కని దేవుని ముంగట నిలబడి సాక్ష్యం చెప్పిన గదరా. నువ్వు ఎనక బెంచి మీద కూసోని ఇన్నవ్."

 

గుల్బర్గాకెళ్ళి బస్సుల బీదర్ చేరినం. బస్టాండుల మర్ఫా బాజాలు మోగుతున్నయ్. ఎస్పీ ఆఫీసుకు తారు, అంటె టెలిగ్రాం, వచ్చిందట, మన బీదరోడు మూడో నంబరొచ్చిండని. మన బీదరోడు అంటె ఇంకెవరు, ఛలాంగ్ సాబే అనుకున్నరు జనం. అన్న మెట్టు మీద కాలు పెట్టేవరకే మెడల దండ పడ్డది. అన్న బిత్తరపోయిండు. నేను ఎనక నుంచి చెవుల చెప్పిన, "ఉండనియ్యన్నా. ఇక్కడ ఎవరికీ తెల్వది."

ఆయన మెల్లగ నా దిక్కు తిరిగిండు. "మల్ల అదే పని చేస్తున్నవారా?"

తర్వాత పరేడ్‌ల హుకుం ఇచ్చినట్టు పెద్ద గొంతుతోని జనానికి చెప్పిండు. "గెలిచింది నేను గాదు, వీడు. నేను నీళ్ళల్ల పడ్డ. అందరికంటె ఆఖరుకు వచ్చిన." బాజాలు ఒక్కొక్కటి ఆగినయ్. ఎవడో కిసుక్కుమన్నడు. "అరే, గీ బక్కోడా?" అన్నడు చాచా. ఒకడు ముంగటికొచ్చి అన్న మెడలకెళ్ళి దండ గుంజి నా మెడల ఏసిండు. గుంజేటప్పుడు దారం అన్న చెవికి తట్టుకుంటె, ఆయన తల వంచి ఇడిపిచ్చుకున్నడు. బాజాలు మల్ల మొదలైనయ్. ఆ గుంపుల ఆయన ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని ఒక్కడే ఇంటికి పోయిండు. నేను జనం భుజాల మీద ఉన్న.

తెల్లారి ఎప్పటి తీర్గ అన్నను పిలుద్దామని వాళ్ళ వాకిట్లకు పోయిన. వదిన తలుపు కాడ నిలబడ్డది, లోపలికి రమ్మనలే.

"ఆయన రాడు. నువ్వు పో."

"వదినా, నేను ఆయన మంచికే..."

"నా చేతి రొట్టె తిన్నవ్. గెలుస్తవని పెట్టిన తమ్మీ. ఓడిపొమ్మని పెట్టలే."

తలుపు గట్టిగ ఎయ్యలే, మెల్లగ దగ్గరికేసింది. గట్టిగ ఏస్తే బాగుండు అనిపించింది.

నెల తిరుగకముందే అన్న బసవకళ్యాణ్‌కు బదిలీ పెట్టుకొని పోయిండు. నేను ఆ తర్వాత ఇంక కొన్నేండ్లు ఉరికిన, గెలిచిన. చాచా హోటల్ల ఫొటో మారింది. పిలగాండ్లు నన్ను ఛలాంగ్ సాబ్ అనుడు మొదలుపెట్టిన్రు. ఆ పిలుపు ఇనబడితె గల్లీ మారి పొయ్యేటోణ్ణి. నాకు ఒద్దికగ ఉండుడు ఎక్కువ అనుకున్నరు జనం. దాన్ని కూడ మెచ్చుకున్నరు.

రాజ్యం పేరు కర్ణాటక అయినంక, బస్సుల మీద కొత్త పేరు రాస్తున్న దినాలల్ల, ఒక జాతర బందోబస్తుకు నన్ను బసవకళ్యాణ్ పంపిన్రు. అన్న అక్కడ బస్టాండు పోలీసు చౌకిల ఉన్నడు. లావైండు, మీసం నెరిసింది. నన్ను చూసి, ఎప్పుడూ ఏం జరుగనట్టు, "రారా, చాయ్ తాగు" అన్నడు. వదిన మంచిగున్నదన్నడు. పోతున్న బస్సుల ముచ్చట, జాతర ముచ్చట అయిపోయినయ్. గ్లాసు చేతుల తిప్పుకుంట అడిగిండు.

"ఒకటి చెప్పురా తమ్మీ. ఆ పొద్దు మన మైదానంల పగ్గం ఇడిచి ఉరికుంటె, నన్ను ఎంత దూరం దాటుతుంటివి?"

నోటి చివరకు వచ్చింది, "ఏమంత లేదన్నా, జానెడంత" అని. అలవాటు అసుంటిది. మింగిన. ఆయన కండ్లల్ల చూసి చెప్పిన.

"చానా దూరం అన్నా. నువ్వు చివరి మూల తిరిగేవరకు నేను తాడు తెంపేటోణ్ణి."

అన్న గ్లాసు కింద పెట్టిండు. "గంత దూరమా?"

"గంత దూరం."

"ఒట్టు?"

"వదిన మీద ఒట్టు."

ఆయన మొఖం ఎట్ల విచ్చుకున్నదంటె! లేసి నిలబడి, చాయ్ బండోన్ని పిలిచిండు. "ఏ, ఇటు చూడు! వీడు ఎవరనుకున్నవ్? నేను తయారు చేసిన! గొర్ల ఎనక పొయ్యేటోణ్ణి నౌబాద్ తొవ్వ మీద ఉరికిచ్చి ఉరికిచ్చి నేను తయారు చేసిన! నన్నే సగం మైదానం దాటేటోడట!" నా చెయ్యి పట్టి పైకి లేపిండు. చాయ్ బండోడు పాలు పొంగుతున్నయని అటు తిరిగిండు. మూట మీద కూసున్న ఒక ముసలాయన, ఏందో లొల్లి అని మా దిక్కు చూసి, బస్సొస్తే ఎక్కిపోయిండు. అన్నకు గది పట్టలే, ఆయన సంబరం ఆయనది. నాకు మాత్రం చెయ్యి పైకున్నంత సేపు తల పైకి లేవలే. ఊరంత, షామియానా, వదిన, అందరు చూస్తుండంగ అరువాల్సిన అరుపది. దాన్ని నేను ఒక చాయ్ బండి కాడికి, ఎవ్వరికీ పట్టని జాగకు తెచ్చిన.

ఇగ లేవుండ్రి బిడ్డలారా, పొద్దు పోయింది. మీ ఇండ్లు సల్లగుండాలె. మీ పొయ్యి మీద రొట్టె ఎన్నడూ తక్కువ గావొద్దు. మీ ఇంట్ల పిల్లలు పెద్దోళ్ళను దాటిపోవాలె, పెద్దోళ్ళు కండ్లార చూసి ఎగిరి అరువాలె, ఆ అరుపు మీ వాడకట్టంత ఇనబడాలె.